దుడ్ల మిల్లు తొలి అచ్చు

గిడ్డయ్య మా వాకిట్లో నీళ్ల కావడి దించి, తలగుడ్డ కొసన వేసుకున్న ముడి విప్పి, బూడిదరంగు బిళ్ళ ఒకటి తీసి నా భార్య కృష్ణవేణమ్మ చేతిలో పెట్టాడు. అర్ధరూపాయంత ఉంటుంది. మధ్యలో బొక్క.

"పాప మొలతాడుకు కట్టమ్మా. ఇది చేతులు మారని కాసు. దీని మీద ఎవురి కన్నూ పడలేదు. కట్టుకున్నోళ్ల మీదా పడదు."

"దుడ్లేమైనా ఇయ్యాల్నా?" అని అడిగింది కృష్ణవేణమ్మ.

"దుడ్లిస్తే చేతులు మారినట్లే గదమ్మా," అని నవ్వాడు.

అది 1955 ఎండాకాలం. నేను డోన్ హైస్కూల్లో సైన్సు అయ్యవారుగా చేరి నెల కావస్తోంది. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఈ ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. పాపకు నాలుగో నెల. తొలి బిడ్డ కావడంతో అది తుమ్మినా నేను థర్మామీటరు వెతుక్కునేవాణ్ణి. అయినా ఆ బిళ్ళను కాదనలేదు. చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపు కిరీటం, రెండోవైపు ఆకుల దండ. యుద్ధం రోజుల్లో చెలామణీ అయిన బొక్క పైసా అచ్చే. కాకపోతే ఆ పైసా కంచుది. ఇది గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంది. సీసమని తెలుస్తూనే ఉంది. మొలతాడుకు వేలాడే సీసం ముక్క ఎవరినేం చేస్తుందనుకున్నాను.

"ఇది యాడిది గిడ్డయ్యా?"

"దుడ్ల మిల్లుది. తొలి అచ్చు."

"దుడ్ల మిల్లంటే?"

"ఈ ఊర్లో ఉండి దుడ్ల మిల్లు తెలీదా? ఇంగ పిల్లోల్లకు ఏం పాఠాలు చెప్తాండారు అయివారూ!"

ఆ తర్వాత రోజూ పొద్దున నీళ్లు పోసి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, పోయేముందు కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చాడు. అదంతా కలిపితే ఆయన బతుకూ, ఆ మిల్లు చరిత్రా ఒకటే.

గిడ్డయ్యది ఓర్వకల్లు గుట్టల కింద పల్లె. వాన పడని ఏళ్లలో తండ్రి కరువు పనికి పోయి రోడ్లకు కంకర కొట్టేవాడు. కొడుకు ఆ కంకర కుప్పల మధ్యనే పెరిగాడు. పెళ్లయ్యాక భార్య సిద్దమ్మను వెంటబెట్టుకుని డోన్ వచ్చి పత్తి మిల్లులో హమాలీగా చేరాడు. ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఇద్దరూ పాకే ఈడు రాకుండానే పోయారు. మొదటివాడు విరేచనాలతో, రెండోది ఎందుకో తెలియకుండానే. చుట్టుపక్కల వాళ్లంతా దిష్టి అన్నారు. సిద్దమ్మ నమ్మింది. గిడ్డయ్య అప్పటికింకా నమ్మలేదట.

యుద్ధం ముదిరాక చిల్లర మాయమైంది. అంగట్లో రూపాయి ఇస్తే మిగతాకు బెల్లం ముక్కో, బీడీ కట్టో, పోస్టు బిళ్ళో చేతిలో పెట్టేవాళ్లు. రాగి అంతా తూటాలకు పోతోంది. అందుకే పైసాకు మధ్యలో బొక్క పెట్టి లోహం మిగిల్చారు. ఉన్న టంకశాలలు చాలక, యుద్ధం అయిపోయేదాకా పనిచేసేటట్లు సర్కారు ఇక్కడొకటి తెరిచింది. రైలు జంక్షన్ ఉంది, బొగ్గు వస్తుంది, ఇంజన్లకు తోడే నీళ్లున్నాయి. గిడ్డయ్య పనిచేసే పత్తి మిల్లునే తీసేసుకున్నారు. పత్తి బేళ్లు బయటికి పోయాయి, యంత్రాలు లోపలికి వచ్చాయి. చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర తుపాకుల సిపాయిలు. ఊరివాళ్లు దానికి దుడ్ల మిల్లని పేరు పెట్టారు.

కంచు రేకులు గూడ్సు బండ్లలో వచ్చేవి. ఒక యంత్రం వాటిలోంచి బొక్క బిళ్ళలు కత్తిరించేది. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరిచి, ఆమ్లంలో కడిగి, వేరుశనగ పొట్టులో పొర్లించి తడి ఆర్చేవాళ్లు. ఆ ఆమ్లం గాలికి పక్క వీధిలో మేకలు దగ్గేవట. గిడ్డయ్య పని అచ్చు యంత్రం ముందు. వట్టి బిళ్ళను వేళ్లతో అచ్చు కింద పెట్టాలి, పై అచ్చు దిగేలోపు చెయ్యి తీసేయాలి. ఒక రోజు తీయలేదు. ఎడమ చూపుడు వేలి కొన పోయింది.

"ఒక పూటంతా కుప్పలు గాలించినారు అయివారూ," అని చెప్పి తానే నవ్వేవాడు. "నా ఏలి కోసమనుకుంటిని. కాదంట. నెత్తురంటిన పైసా బయటికి పోతుందేమోనని!"

సాయంత్రం గేటు దాటేటప్పుడు నోరు తెరిచి చూపించాలి, జుట్టు విదిలించాలి, పంచె విప్పి దులపాలి. అచ్చయిన పైసా ఏ కూలివాడి ఒంటి మీదా బయటికి పోకూడదు. సీసం బిళ్ళల సంగతి మాత్రం వేరు. కొత్త అచ్చుల జత బిగించినప్పుడల్లా, గట్టి కంచు మీద కొట్టేముందు మెత్తటి సీసం మీద ఒకసారి కొట్టి చూస్తారు. కిరీటమూ ఆకులూ సరిగ్గా కూర్చున్నాయా లేదా అని. చూశాక దాన్ని మూలన పారేస్తారు. యుద్ధం అయిపోయి, యంత్రాలన్నీ విప్పి మళ్లీ గూడ్సుల్లోకి ఎక్కిస్తున్న రోజు, ఆ మూల కుప్పను ఏం చేయాలని గిడ్డయ్య అడిగితే ఆఫీసరు కాలితో తన్ని, "ఇది డబ్బు కాదు, చెత్త. కావాలంటే తీసుకుపో" అన్నాడు.

గిడ్డయ్య దాన్ని చెత్త అనుకోలేదు. రాజు కిరీటం ఉంది. అచ్చుకు పుట్టిన తొలి బిడ్డ అది. అంగడికి పోలేదు, సంతకు పోలేదు, దాన్ని చూసి ఎవరూ ఆశపడలేదు, ఎవరూ ఏడవలేదు. మిల్లు నడుస్తున్న రోజుల్లోనే ఆయనకు మూడో బిడ్డ వెంకటేశ్వరమ్మ పుట్టింది. మూల నుంచి అడిగి తెచ్చుకున్న ఒక సీసం బిళ్ళను దాని మొలతాడుకు కట్టాడు. వెంకటేశ్వరమ్మ పాకింది, నడిచింది, బతికింది. అప్పటినుంచి డోన్‌లో ఏ కూలి ఇంట్లో బిడ్డ పుట్టినా గిడ్డయ్య తలగుడ్డ ముడి విప్పుతూనే ఉన్నాడు. ఒక్కరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

ఇంతవరకూ వింటూ నేను ఆయన్ను మెచ్చుకున్నాను.

ఆషాఢంలో ఒక ఆదివారం పెరట్లో గంధపు సాన ఆరబెట్టి ఉంది. దాని మీద పెన్సిలుతో రుద్దినట్లు నల్లగా మెరిసే మచ్చ. ఏమిటని కృష్ణవేణమ్మను అడిగాను.

"వస కొమ్ము తేసినా గదా, పాపకు."

"వస నల్లగా మెరవదు."

ఆమె కొంచెం తటపటాయించి చెప్పింది. కలిగినవాళ్లు బిడ్డకు బంగారం అరగదీసి తేనెతో నాకిస్తారు. లేనివాళ్లు వస కొమ్ముతో సరిపెట్టుకుంటారు. గిడ్డయ్య భార్య సిద్దమ్మ బంగారానికి బదులు ఆ బిళ్ళను సాన మీద నాలుగు చుట్లు తిప్పుతుంది. వెంకటేశ్వరమ్మను అట్లాగే పెంచింది. ఈ వీధిలో అందరికీ అదే నేర్పింది. మా ఇంట్లోనూ నేను బడికి పోయాక రోజూ అదే జరుగుతోంది.

పాపకు కొన్నాళ్లుగా కడుపు బిగదీసుకుపోతోంది. కాళ్లు ముడుచుకుని ఏడుస్తోంది. ఎండలకేమో అనుకుంటూ వచ్చాను.

మరునాడు సాన కడిగిన నీళ్లు సీసాలో పోసుకుని బడికి తీసుకుపోయాను. ఆమ్లం వేసి కాచి, చల్లార్చి, బీరువాలోని ఒక లవణం కరిగించి చుక్కలు వేశాను. గొట్టం అడుగున, సీసం ఉంటే వచ్చే పసుపుపచ్చటి ముద్ద పేరుకుంది. సందేహం లేదు. మొలతాడుకు కట్టిన సీసం వేరు, కడుపులోకి పోయిన సీసం వేరు.

బిళ్ళ తీసేయించి, ఆ వారమే పాపను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు కండ్ల రెప్పలు తిప్పి చూశాడు, పొట్ట నొక్కాడు.

"మాన్పించారు గదా. పాలు బాగా పట్టండి."

"మందేమైనా ఉందా సార్?"

"దీనికి మా దగ్గర మందు లేదు. లోపలికి పోయింది ఎముకల్లో చేరి కూర్చుంటుంది. ఎప్పుడు కదులుతుందో, అసలు కదులుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం."

తిరుగు రైల్లో కృష్ణవేణమ్మ పాప నిద్రపోతున్నంతసేపూ ఊపిరి చూస్తూ కూర్చుంది.

ఇక గిడ్డయ్యకు చెప్పాలి. ఆయనకు వెంకటేశ్వరమ్మ తర్వాత పదేళ్లకు మళ్లీ కొడుకు పుట్టాడు. పేరు గోపన్న. ఏడాది నిండి కొన్ని వారాలైంది. సిద్దమ్మ వాడికి పుట్టిన రోజు నుంచీ ఆ బిళ్ళను అరగదీసి పెడుతోందని నాకు తెలుసు. ఉత్త మాటలకు వినరని, బడి నుంచి రెండు గొట్టాలు పట్టుకుపోయాను. ఒకదానిలో వట్టి వస తేసిన నీళ్లు, రెండోదానిలో బిళ్ళ తేసిన నీళ్లు, రెండూ ముందే ఆమ్లంతో కాచినవి. పోయేసరికి పక్కింటి సోమక్క తన నెల బిడ్డను ఒళ్లో వేసుకుని అక్కడే ఉంది. గోపన్న తల్లి భుజం మీద వాలి సన్నగా మూలుగుతున్నాడు. ముఖం సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉంది.

రెండు గొట్టాల్లోనూ ఆ లవణం చుక్కలు వేశాను. మొదటిది మారలేదు. రెండోది పసుపుపచ్చగా విరిగింది.

"అమ్మా, పసుపు!" అంది సోమక్క.

సిద్దమ్మ గొట్టానికి దండం పెట్టింది. గిడ్డయ్య ముఖం వెలిగిపోయింది.

"చూసినారా అయివారూ! వట్టి నీళ్లలో రాలేదు. కాసు నీళ్లలోనే వచ్చె."

"అది పసుపు కాదు గిడ్డయ్యా. విషం ఉందని గుర్తు. బిడ్డకు మాన్పించండి."

"పసుపుపచ్చగా ఉండే ఇసమా? మీ బళ్లో అట్ల చెప్తారా?"

"నా పాపకు మాన్పించినా. కర్నూలు డాక్టరు కూడా..."

"ఆ డాక్టరు ముందర ఈ పసుపు తీసినారా?" అంది సిద్దమ్మ. "లేదు గదా. మా కాసును చూడకనే మాట్లాడినాడు ఆయన."

వాదించినకొద్దీ వాళ్లు నన్ను జాలిగా చూశారు. పెద్ద చదువు చదివి, చేతిలోనే అమ్మవారిని పలికించి, ఏం జరిగిందో తనకే తెలియని మనిషిని చూసినట్లు. వారం తిరక్కముందే ప్యాపిలి నుంచీ బేతంచర్ల నుంచీ తల్లులు బిడ్డలతో వచ్చారు. బడి అయివారు పరీక్ష చేస్తే కాసు పసుపు కక్కిందని చెప్పుకుంటున్నారు. హెల్త్ ఇన్‌స్పెక్టరును కలిశాను. మొలతాళ్ల మీద తనకు అధికారం లేదన్నాడు.

వానలు మొదలైనా గోపన్న తేరుకోలేదు. ఒక మధ్యాహ్నం గిడ్డయ్య నీళ్లు తేలేదని నేనే వాళ్లింటికి పోయాను. పిల్లవాడు రెండు రోజులుగా వాంతులు చేసుకుంటున్నాడట. కండ్లు తెరవడం లేదు. సిద్దమ్మ సాన ముందు కూర్చుని ఉంది. నాలుగు చుట్లు చాలడం లేదని ఇప్పుడు పూటకు ఎనిమిది తిప్పుతోంది.

ఆపమంటే ఆపరు. ఏమనాలో తోచక, "ఆ సీసం కరిగించి బిళ్ళలు పోసింది నువ్వేనా గిడ్డయ్యా?" అని అడిగాను. ఆయన రక్తంలోనూ ఉందేమోనని నా అనుమానం.

"నేను కాదు. కంబన్న. పత్తికొండోడు. వానికి మూలన వేరే కొలిమి."

"ఇప్పుడు యాడుండాడు?"

"పాయె. మిల్లు ఉండంగానే చేతులు పడిపోయె, పనికి రాకపాయె. శానా మంచోడు. మా కండ్లే తగిలినాయి వానికి."

"మీ కండ్లెందుకు తగుల్తాయి?"

"ఇంగేమి? మిల్లు డాక్టరు వానొక్కనికే దినామూ చెంబుడు పాలు తాపిస్తాండె. చేతులు తోముకోకుండా సంగటి ముట్టనిస్తాండలేదు. మాకు నీళ్లకే గతి లేదు, వాడు పాలు తాగుతాండె. అందరమూ ఆ చెంబు దిక్కే చూస్తాంటిమి. నేనూ చూసినా. కంబన్న పడిపోయినప్పుడే నాకు దిష్టి మీద నమ్మకం కుదిరింది అయివారూ. అందుకే గదా, కన్ను పడని కాసును ఏరుకుంటిని."

 నేనడిగాను. "పాలు ఎందుకు తాపిస్తున్నారో డాక్టరు చెప్పలేదా?"

"తెల్లోడు. మాకేం చెప్తాడు?"

"సీసం పని చేసేవాళ్లకు విషం తగలకుండా అప్పట్లో పాలు ఇచ్చేవాళ్లు గిడ్డయ్యా. మీ అందరిలో సీసం ముట్టింది అతనొక్కడే. చేతులు ఎట్ల పడిపోయినాయి?"

గిడ్డయ్య కుడిచేయి ముందుకు చాచి మణికట్టు దగ్గర వదిలేశాడు. "ఇట్ల. ఏళ్లు కిందికి యాలాడుతాండె. లేపుకోవాలన్నా లేసేటివి కావు."

అప్పుడే వెంకటేశ్వరమ్మ నాకు నీళ్లు తెచ్చింది. చెంబును చేత్తో పట్టుకోలేదు. రెండు ముంజేతుల మధ్య ఇరికించుకుని, గుండెకు ఆనించుకుని తెచ్చింది. వేళ్లు కిందికి వంగి ఉన్నాయి. మొలతాడుకు ఉండవలసిన బిళ్ళ ఇప్పుడు మెడలో ఉంది, దాన్ని పంటి కింద కొరుకుతోంది. చిగుళ్ల అంచున సిరా గీసినట్లు నల్లటి గీత కనిపించింది.

గిడ్డయ్య చెయ్యి అట్లాగే గాలిలో వేలాడుతూ ఉంది. ఆయన కూతురి చేతుల వైపు చూశాడు. తన చేతి వైపు చూసుకున్నాడు.  తర్వాత లేచి, కూతురి మెడలో తాడు పుటుక్కున తెంపి, గోపన్న మొలతాడుకు చేయి వేశాడు.

"ఏమి చేస్తాండావు? బిడ్డ ఇట్లుంటే రక్ష తీస్తావా? సంపుతావా వాన్ని?" అని సిద్దమ్మ అరిచింది.

"సంపేది ఇదే," అన్నాడు గిడ్డయ్య. ఆ మొలతాడు కూడా తెంపాడు.

ఆ సాయంత్రమే పిల్లవాణ్ణి కర్నూలు రైలెక్కించాం. రైలు వచ్చేలోపు గిడ్డయ్య తన వీధిలో ఇల్లిల్లూ తిరిగి బిళ్ళలు వెనక్కి అడిగాడు. ఇచ్చినవాడే అడుగుతున్నాడని కొందరు మారుమాట లేకుండా తీసి ఇచ్చారు. సోమక్క కూడా ఇచ్చింది. అన్నీ తలగుడ్డలో మూటగట్టి స్టేషను వెనక పాడుబావిలో విసిరేశాడు.

రైల్లో గోపన్నకు ఫిట్సు వచ్చాయి. ఆసుపత్రిలో మూడో రోజు పోయాడు.

డోన్‌లో ఆ వార్త వేరే విధంగా చేరింది. గిడ్డయ్య తన కొడుకు మొలతాడు తానే తెంపాడు, మూడు రోజుల్లో కొడుకు పోయాడు. అందరూ చూసిన సంగతే. ఇందులో అబద్ధం లేదు. గిడ్డయ్య బిడ్డను పూడ్చిపెట్టి వచ్చేసరికి బిళ్ళలు ఇచ్చేసిన తల్లులు ఇంటి ముందు నిలబడి ఉన్నారు.

"మా బిడ్డలవి మాకియ్యి," అంది సోమక్క.

"బావిలో ఏసినా. బిడ్డకు పెట్టొద్దమ్మా సోమక్కా, నేనే చెప్తాండా. నా కొడుకు పోయింది దాంతోనే."

"అదుండేంతకాలం వాడు బతికుండె. తీస్తివి, పాయె. నీ బిడ్డను నువ్వే పోగొట్టుకుని, ఇంగ మా బిడ్డల మీద పడినావా?"

ఆమె మగడు మనుషులను దించి, బావిలోని బురద తోడించి, కొన్నింటిని బయటికి తీశాడు. బయటి ఊళ్లకు పోయినవి ఎన్నో, ఎక్కడెక్కడున్నాయో గిడ్డయ్యకే తెలియదు. ఆయన మాత్రం తిరగడం మానలేదు. పురిటిల్లు ఉందని తెలిస్తే వాకిట్లో నిలబడి తీసేయమని బతిమాలేవాడు. బిడ్డను పోగొట్టుకున్నవాడి చూపు పసికందు మీద పడకూడదని లోపలి నుంచి తలుపు వేసేవాళ్లు. తర్వాత తర్వాత వీధి మొదట్లో ఆయన కనిపించగానే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్లు. నీళ్ల కావడికి పిలిచే ఇళ్లు లేకుండా పోయాయి. సిద్దమ్మ కూతురిని తీసుకుని పుట్టింటికి పోయింది. గిడ్డయ్య స్టేషనులో మూటలు మోసుకుని బతకసాగాడు.

మొన్న మాఘంలో మేము ప్రొద్దుటూరు పోవడానికి స్టేషనుకు పోయాం. పాపకు ఏడాది నిండింది. ఇంకా నిలబడడం లేదు. కొందరు పిల్లలు ఆలస్యంగా నిలబడతారని పుస్తకాల్లో ఉంది. ఆ పేజీ నేను చాలాసార్లు చదివాను.

ప్లాట్‌ఫారం చివర గిడ్డయ్య కనిపించాడు. మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. అంతా తెలిసిన కృష్ణవేణమ్మే, ఆయన దగ్గరికి వస్తుండగా, పైట కొంగు లాగి పాప ముఖం మీద కప్పింది. కప్పాక తానేం చేసిందో తెలిసి తల వంచుకుంది. కానీ తీయలేదు.

గిడ్డయ్య అది చూశాడు. అక్కడే ఆగి, మా వైపు వీపు పెట్టి, రైలు వచ్చే దిక్కుకు తిరిగి నిలబడ్డాడు.

"పాప చేతులు బాగుండాయా అయివారూ?" అని అటు తిరిగే అడిగాడు.

"ఇప్పటికి బాగానే ఉన్నాయి," అన్నాను.